ఏకవచనం

ఫిన్లండు పిల్లోడు పేరు చెప్పగానే
ఉదయగిరి హైస్కూలు తొమ్మిదో తరగతి
తొమ్మిది దిక్కులా నవ్వింది.
అంటి.
"ఆంటీ! ఆంటీ!" కాలేషా బెంచీ ఎక్కాడు.
దుర్గం కొండ మీది కోతులు కూడా విని ఉంటాయి.

ఎందుకు నవ్వుతున్నారన్నాడు. చెప్పాను,
ఆడవాళ్లను పిలిచే పిలుపు నాయనా, అని.
"అయితే?" అన్నాడు.
అంతే. అయితే, అని ఊరుకున్నాడు.
నవ్వుకు ఆనుకునే గోడ లేక
కాలేషా బెంచీ దిగాడు.

మూడు నెలలు మస్తాన్‌బీ ఇంట్లో బస.
చెక్క గరిటెలు చెక్కే వసారాలో మంచం.
అడవికి పోయి కొయ్య తెచ్చేది మగవాళ్లు,
బేరం చేసేది మగవాళ్లు.
నడుమ చెక్కేదీ, గరుకు కాగితంతో
నునుపు తేలేదాకా రుద్దేదీ ఆడవాళ్లు.
ఎగ్జిబిషన్ స్టాలు బోర్డు మీద ఎవరి పేరో
నేను చెప్పక్కర్లేదు.
అంటి ఉలి పట్టాడు. వంకర గరిటె ఒకటి చేశాడు.
బడిలో నేర్పారంట, కుట్టు కూడా.
చొక్కా గుండీ ఊడితే తనే కుట్టుకుంటుంటే
మస్తాన్‌బీ నా చెవిలో అంది:
"తల్లి లేని బిడ్డేమో పాపం, టీచరమ్మా."

వాడి నోటుపుస్తకంలో తెలుగు:
బస్సు వచ్చింది.
బర్రె వచ్చింది.
వాన వచ్చింది.
రమీజా వచ్చింది.
కాలేషా వచ్చాడు.
ఆఖరి రెండిటి మధ్య గీత.
గీత పక్కన ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం.

ఇరవై రెండేళ్లుగా చెబుతా ఉండా
మహత్తు, మహతి, క్లీబం.
ఎన్ని సుద్దముక్కలు అరిగాయో,
ఒక్క పిలకాయా అడగలేదు.
నన్ను నేనూ అడగలేదు.
"మీకెట్లా?" అన్నాను, ప్రశ్న మీద ప్రశ్న కప్పి.
"మాకు ఒకటే మాట. హ్యాన్. ఆమైనా, అతనైనా."
"అదృష్టవంతులబ్బా," అంది వెనక బెంచీ పెంచలప్రసన్న.
వాడు తల అడ్డంగా ఊపాడు.
"మాట ఒకటే.
మా అమ్మా నాన్నా ఒకటే మిల్లు, ఒకటే పని.
జీతాలే రెండు."

ఎండ కిటికీ దాటి మూడో వరుసకు జరిగింది.
అప్పుడు లేచింది రమీజా.
"టీచర్, నేనొక్కదాన్నే వస్తే వచ్చింది.
నేనూ ప్రసన్నా కలిసొస్తే?"
వచ్చారు.
"కాలేషా వాళ్లు వచ్చినా?"
వచ్చారే.
"రెండు బర్రెలొస్తే?"
వచ్చాయి.
సుద్దపొడి ముక్కు మీద పడినా తుడుచుకోకుండా
బోర్డంతా చూసి అంది,
"అంటే నేను ఒక్కదాన్నయితే బర్రెతో,
ఇద్దరమైతే మనుషులతో."

ఆ సాయంత్రం మా ఇంట్లో
మా ఆయన ఎవరితోనో ఫోన్లో
"ఆఁ, ఇప్పుడే వచ్చింది" అంటుంటే
బస్సేమో అనుకున్నాను.

ఆగస్టులో రమీజా వంతు.
ఆ పిల్లోడి ఊరికి, ఆ పిల్లోడి బడికి.
మేనమామలు ముగ్గురూ ఒకటే మాట:
ఆడపిల్ల, ఒక్కతేనా?
టీ కొట్టు దగ్గర అప్పుడే మొదలైంది,
మస్తాన్‌బీ కూతురు పోతుందంట, పోయిందంట.
మన భాషలో ఆడపిల్ల పోయిందంటే
ఎన్ని రకాలుగా పోవచ్చో మనకు తెలుసు.

నెల్లూరు తిరునాళ్లకు గరిటెల మూట మోయడం తప్ప
ఊరు దాటని మస్తాన్‌బీ
మద్రాసు విమానం దాకా నేనూ వస్తానంది.
బస్టాండులో, నూనె రాసిన జడ, కొత్త చెప్పులు,
చేతిలో పులిహోర డబ్బా.
కాలేషా టాపు మీదికెక్కి పెట్టె కడుతున్నాడు.
"అంత దూరం నీకెందుకు బీబమ్మా,
సార్ తోడు ఉండాడు గదా?" అన్నాను.
కూతురి వైపు చూసింది. రమీజా నవ్వు దాచుకుంది.
ఇంటి దగ్గర పాఠం ఒప్పజెప్పిందన్న మాట.
"ఊరు 'పోయినారు' అనాల గదా, టీచరమ్మా."

కండక్టరు రైట్ అన్నాడు.
బస్సు పోయింది.
వాళ్లు పోయినారు.